ఎవరూ పోకుంటే పాడరాని పాట

జూన్ 8, ఆదివారం

సుమన పొద్దున్నే జనగామ నుంచి వచ్చింది. నలుగురిలో ఉంటే నన్ను అక్కా అంటది, ఇల్లు చేరినంక మా లంబాడీలో బాయీ అంటది. ఇవాళ బస్సు దిగుతనే, రోడ్డు మీదనే బాయీ అన్నది. ఏదో పెద్ద కష్టమే వచ్చి ఉంటదనుకున్న.

కష్టం పీహెచ్‌డీది. సెప్టెంబరు ఆఖరు లోపల పుస్తకం ఇయ్యాలె. గడువు రెండుసార్లు పెంచిన్రు, ఇంక పెంచరట. ఏడేండ్ల చదువు. రాసేది మా ఢావ్లో మీద. పెండ్లిబిడ్డ అత్తగారింటికి పోయేముందు అయినోళ్ల మెడ పట్టుకొని, ఒక్కొక్కరితోని ఏడుస్తూ పాడే పాట. సుమన ఆరు తండాలు తిరిగింది. ఇప్పటి పిల్లలకు రాదట, పెండ్లి అంటే డీజేనే. కొద్దిగ వచ్చినోళ్లందరూ ఒకటే మాట చెప్పిన్రట: మాకు గూడూరు దిక్కు నీలి నేర్పింది.

నీలి మా యాడి. తిరిగి తిరిగి సొంత తల్లి దగ్గరికే వచ్చింది పిల్ల.

యాడి వాకిట్లో కూసొని విత్తనం పల్లికాయ ఒలుస్తున్నది. సుమన ఫోను తీసి రోలు మీద పెట్టి పాడుమన్నది.

"ఎవరు పోతున్నరు?" అన్నది యాడి.

ఎవరూ పోతలేరు, ఒట్టిగ పాడు, నేను రాసుకుంట అన్నది సుమన.

"ఎవరూ పోకుంట పాడితే, ఇంట్ల నుంచి ఎవరో ఒకరు పోవుడైతది. తీసెయ్ దాన్ని."

ఫోను తీసేదాకా యాడి మళ్ల కాయ ముట్టలేదు.

జూన్ 9

మా దేవుడు సేవాభాయా ముందట దీపం పెట్టిన. సుమన కోసం అడిగిన. నా కోసం అడిగేది ఏమీ లేదు.

జూన్ 15, ఆదివారం

సుమన ఈసారి ఉపాయంతోని వచ్చింది. సాయంత్రం సంచి భుజానికేసుకొని యాడి మెడ పట్టుకున్నది. పోతున్న యాడీ, జనగామకు పోతున్న, ఇప్పుడు పాడు అన్నది.

"వచ్చే ఆదివారం మళ్ల వస్తవు గదనే. కోడి కొయ్యుమంటవు," అన్నది యాడి. "రిజిస్టర్ ఆఫీసుల పెండ్లి చేసుకున్ననాడు రావాల్సింది నా కాడికి. గప్పుడు ఫోను కూడ చెయ్యకపోతివి."

పక్కింట్లో ఉండే తమ్ముడు ప్రేమ్‌సింగ్, మరదలు కల్పన బయటికొచ్చి నవ్విన్రు. సుమన కూడ నవ్వింది. నవ్వుకుంటనే కండ్లు తుడుచుకున్నది.

బస్సు కోసం నిలబడ్డప్పుడు అసలు సంగతి చెప్పింది. వేరే తండాల్లో ముగ్గురు ఆడవాళ్లు మొహమాటానికి కొద్దికొద్దిగ పాడిన్రట. మూడూ కలుస్తలేవు. వీటిలో అసలు పాఠం ఏది అని గైడు సారు అడిగిండట. అసలు పాఠం ఒకటి చూపకుంటే పుస్తకం నిలబడదట.

అసలుది ఎక్కడుంటది సుమనా అన్న. యాడి నూరు మందికి నేర్పింది. నూరు మందీ నూరు తీర్ల పాడిన్రు. ఒకామె తన మేకను పేరు పెట్టి పిలిచి ఏడ్చింది. ఇంకొకామె తమ్మునికి తను కుట్టిన అంగీ గుండీలు లెక్కపెట్టుకుంట ఏడ్చింది. ఒకామె ఏమీ అనలేదు, వాళ్ల నాయిన పేరొక్కటే ముప్పైసార్లు అన్నది.

సుమన నా మొహం చూసింది. నేర్పేటప్పుడు యాడి ఎవరినీ లోపలికి రానియ్యదు కద, నీకెట్ల తెలుసు బాయీ అన్నది.

గోడ అవతల అన్నం వండేదాన్ని. నేర్చుకునే పిల్లలు పాడేది వినిపించేది.

నాకు నేర్పలేదు. పోయేటోళ్లకే నేర్పుతరు. నాకొక సంబంధం వచ్చింది, మహబూబాబాద్ దగ్గరి తండాది. పిల్లగాని పేరు అమర్‌సింగ్. బాపు పోయిన రెండేండ్లకు. వాళ్లే వద్దనుకున్నరు. అది దేవుని ఇష్టం. బాధ ఏమీ లేదు.

జూన్ 19

ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. చదివి చీరల కింద పెట్టిన.

జూన్ 21

కాగితం సంగతి ఇంట్లో చెప్పుడు మర్చిపోయిన.

జూన్ 23

కాగితంలో ఉన్నది ఇది. చిన్న పిల్లలకు వాళ్ల ఇంటి భాషలోనే మొదలుపెట్టి మెల్లగ తెలుగులోకి తెస్తే ఎట్లుంటదో ఒక పరిశోధన చేస్తున్నరు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో. కాటారం దగ్గరి రెండు తండాల్లో ఏడాది ఉండి, పిల్లలకు చెప్పి, వాళ్లు ఏం మాట్లాడిన్రో రాసి పంపే అంగన్‌వాడీ టీచరు కావాలె. నా పేరు పెట్టిన్రు. ముప్పై ఏండ్ల అనుభవం, మాతృభాష లంబాడీ అని రాసిన్రు. ఆగస్టు ఒకటికల్లా చేరాలె. ఇష్టం లేకుంటే జూలై పదిలోపల రాసియ్యాలె.

ఇష్టం లేదని కాదు. యాడికి బీపీ గోళీలు ఎవరిస్తరు? కల్పనకు తెల్వదు.

జూన్ 24

కల్పనకు తెలుసు. ఏ గోళీ ఎప్పుడో నాకంటే మంచిగ చెప్పింది. నేను సెంటర్‌కు పోయినంక మధ్యాహ్నం గోళీ రెండేండ్ల నుంచి తనే ఇస్తున్నదట.

జూన్ 26

ఇవాళ్టిది రాసి పెట్టాలె.

నవ్య మా తండా పెద్ద జాల్యా మనుమరాలు. నాలుగేండ్లు. ఆరు నెలల నుంచి నా సెంటర్‌కు వస్తున్నది. ఒక్కనాడు నోరు విప్పలేదు. పాట చెప్తే నా పెదవుల దిక్కు చూస్తది, అంతే. మహబూబాబాద్ దవాఖానలో చూపియ్యుమని తల్లికి చెప్పిన. రిజిస్టర్‌లో మాటలు ఆలస్యం అని రాసిన. నా చేత్తోనే.

కాగితంతోపాటు బొమ్మల కార్డులు నాలుగు పంపిన్రు, చూసి చెప్పుమని. ఒకదాని మీద మేక. తలుపు దగ్గరికేసిన. ఎందుకేసిననో తెల్వదు, చూసేటోళ్లు ఎవరూ లేరు. నవ్యను దగ్గర కూసోబెట్టుకొని మా మాటలో అడిగిన: ఇది ఎవరింటిది?

నవ్య నన్ను చూసింది. తలుపు దిక్కు చూసింది. మళ్ల నన్ను చూసింది.

ఇంక ఆగలేదు. వాళ్ల మేక ఈనింది. రెండు పిల్లలు. ఒకటి నల్లది, ఒకటి లేవలేదు. తాత దాని ముక్కుల్లో ఊదిండు. అప్పుడు తుమ్మింది. తల్లిమేక దాన్ని నాకింది. తననూ నాకుమని చెయ్యి పెడితే నాకలేదు. అప్పుడు వాన వచ్చింది, రెండు పిల్లలనూ అవ్వ కొంగులో చుట్టింది, అవ్వ కొంగు ఇప్పటికీ మేక వాసన వస్తది, కావాలంటే చూడు. ఊపిరి కోసం ఆగి, మళ్ల అందుకున్నది. పావుగంట. తక్కిన పిల్లలు జరిగి జరిగి మా చుట్టు చేరిన్రు. ఒకడు, మా మేక కూడ, అన్నడు. ఇంకొకడు, మాకు మేక లేదు గని కుక్క ఉన్నది, అన్నడు.

నా చెయ్యి కార్డు మీదనే ఉండిపోయింది. ఇంత కథ కడుపులో పెట్టుకొని ఈ పిల్ల ఆరు నెలలు నా ముందట కూసున్నది. గుళ్లో నిలబడ్డప్పుడు అయినట్టు అయింది నాకు.

రిజిస్టర్‌లో రాసిన మాట కొట్టేసిన. గట్టిగ కొట్టేసరికి పేజీ చిరిగింది.

జూన్ 27

నేను ఏ పిల్లనూ కొట్టలేదు. ముప్పై ఏండ్లల్లో ఒక్కసారి కూడ.

జూన్ 28

కొట్టలేదు. లంబాడీ మాట్లాడితే గడప బయట నిలబెట్టిన. తెలుగులో అడిగితేనే లోపలికి రానిచ్చిన.

వాళ్ల మంచికే అనుకున్న. బస్సుల్లో, దవాఖానల్లో, ఆఫీసుల్లో మా మాట విని నవ్వుతరు. సుమన హాస్టల్‌లో మొదటి ఏడాదంతా ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంటికొస్తే నాతోనే మాట్లాడేది, అన్నీ ఒకేసారి. నా పిల్లలకు గట్ల కావద్దనుకున్న.

నవ్య తల్లిని కూడ నిలబెట్టిన. ఎండలో. గుర్తున్నది.

మాటను బయట నిలబెట్టిన మనిషినే ఆ మాటలో చదువు చెప్పుమని పంపుతున్నరు. ఆఫీసులో వాళ్లకు ఇది తెల్వదు. సేవాభాయాకు తెలుసు.

జూలై 6, ఆదివారం

చెప్పకముందే తెలిసిపోయింది. నేను స్నానం చేస్తుంటే మా సూపర్‌వైజరు రాజమణి మేడం ఫోను చేసింది. సుమన ఎత్తింది. పోయిన నెల పంతొమ్మిదినాడే కాగితం ఇచ్చిన, కాటారం పోతున్నదా లేదా మీ అక్క, పదో తారీఖు దగ్గరపడ్డది అన్నదట మేడం.

సుమన చాయ పెట్టింది. మూడు గిలాసల్లో పోసింది. అప్పుడన్నది.

"పదిహేడు రోజులు దాచినవా బాయీ?"

మర్చిపోయిన అన్న.

"నువ్వు సంతల ఉల్లిగడ్డ కూడ మర్చిపోవు."

యాడి గిలాస కింద పెట్టింది. ఎక్కడికి, ఎన్ని రోజులకు అని అడిగింది. కాటారం, ఏడాది అన్న. ఆదివారం ఆదివారం వస్తవా అన్నది. మూడు బస్సులు మారాలె, ఎట్ల వస్త అన్న. అసలు పోనే పోను, రాసిస్తున్న అన్న. నీకు డెబ్బై ఆరు, నేను లేకుంటే ఎట్ల అన్న. సెంటర్ ఎట్ల అన్న. ఇంకేవో కూడ అన్న. ఇన్ని మాటలు నేను ఒక్కసారి మాట్లాడుడు చాలా రోజులైంది.

యాడి నా దిక్కు చూస్తనే ఉన్నది.

"ఎన్నడూ దేనికీ పోత అనలేదు నువ్వు," అన్నది. "పో."

కొద్దిసేపయినంక, ఏడాది అంటే పోవుడే, అని తనకు తానే అనుకున్నది.

సుమన తల ఎత్తింది. ఏం ఆలోచించిందో నాకు తెలిసింది, నాకు తెలిసిందని దానికీ తెలిసింది. బస్సెక్కేముందు నా చెయ్యి పట్టుకున్నది. నా పుస్తకం కోసమైతే పోకు బాయీ, ఆగిపోతే ఆగిపోతది అన్నది. నవ్య అసుంటి పిల్లల కోసం పోత అన్న. అది నిజమే.

జూలై 10

రాసిస్త అన్న కాగితం రాయలేదు. సాయంత్రమైంది. ఆఫీసు మూసేసిన్రు.

జూలై 15, మంగళవారం

సీత్లా పండుగ, పసులకు రోగాలు రావద్దని అమ్మతల్లికి చేసేది. తండా బయట పసుల్ని దాటించినంక ఆడవాళ్లం నైవేద్యాలు పట్టుకొని నిలబడ్డం. యాడి అందరి ముందట చెప్పేసింది. నా పెద్దబిడ్డ పోతున్నది, ఢావ్లో నేర్పుతున్న అని.

జాల్యా నవ్విండు.

"కొలువుకు పోతే ఢావ్లోనా నీలీ? గట్లయితే నా కొడుకు ట్రాక్టరు తోల్కపోయినప్పుడల్ల నేను మెడ పట్టుకొని ఏడ్వాల్నా?"

"నీ కొడుకు అన్నం యాళ్లకు ఇంటికొస్తడు. నువ్వు ఏడుస్తున్నవని తెలిస్తే రాడు."

అందరూ నవ్విన్రు. నవ్వు ఆగినంక జాల్యా మళ్ల అన్నడు, ఈసారి మెల్లగ. పెండ్లి కాకుంట, చావు కాకుంట ఎన్నడన్నా పాడిన్రా అని. పాట పెండ్లిది కాదు, పోవుడుది అన్నది యాడి. నీ ముగ్గురు చెల్లెండ్లకు నేర్పి పంపింది నేనే, ఎప్పుడు పాడాల్నో నాకు తెలుసు అన్నది.

నేను తల ఎత్తలేదు. యాభై నాలుగేండ్లు నాకు. జుట్టు సగం తెల్లబడ్డది.

జూలై 20

పొద్దున ఐదింటికి మొదలైంది. యాడి తలుపేసి, తన అద్దాల ముసుగు నా తల మీద కప్పింది. ఆ గదిని దినాం ఊడ్చేదాన్ని నేనే. ఈ పనికి అందులో కూసోవుడు మొదటిసారి.

మాటలు చెప్తదనుకున్న. ఒక్క మాట చెప్పలేదు. ఊపిరి నేర్పింది. మెడ ఎక్కడ పట్టుకోవాలె, నుదురు ఎక్కడ ఆనించాలె, గొంతు ఎక్కడ లేపాలె, ఎక్కడ వదలాలె. వదిలినంక అవతలి మనిషి జవాబు కోసం ఎంతసేపు ఆగాలె.

మాటలేవి యాడీ అని అడిగిన.

"గొంతే నేర్పుత. మాటలు నేనిస్తే, పోయేది నేనైత."

జూలై 23

ఇవాళ పద్ధతి చెప్పింది. మా యాడికి వాళ్ల యాడి చెప్పింది ఇట్లనేనట.

ఎవరి మెడ పట్టుకుంటే వాళ్లను పేరు పెట్టి పిలవాలె. పేరు లేకుంటే ఆ ఏడుపు ఎవరిదీ కాదు. పోయే బిడ్డ ఏది అడిగినా అవతలి మనిషి నిజమే చెప్పాలె, అదే గొంతులో చెప్పాలె. అయిపోయినంక ఆ మాటలు మళ్ల ఎవరూ ఎత్తరాదు. ఇంట్లో ఎత్తరాదు, పంచాయితీలో ఎత్తరాదు, కొట్లాటలో ఎత్తరాదు. అందుకని బిడ్డలు మామూలు దినాల్లో నోట రానివి ఆ పొద్దు అడుగుతరట. అన్నకు పాలు పోసి నాకు మజ్జిగ ఎందుకు పోసినవని అడిగిందట ఒకామె. తల్లి జవాబు చెప్పిందట. ఏం చెప్పిందో యాడి నాకు చెప్పలేదు. ఎత్తరాదు కద.

పొయ్యి దగ్గర కూసొని దీని గురించే ఆలోచించిన, చారు మాడిపోయింది. మమ్మల్ని చదువు లేనోళ్లు అంటరు. మా మాటకు రాత లేదంటరు. కడుపులో ఉన్నదాన్ని ఒక్కసారి బయటికి తీసి, ఎవరి పరువూ పోకుండ మళ్ల లోపల పెట్టే దారి ఒకటి మా ఆడవాళ్లు చేసుకున్నరు. ఎవరు చేసిన్రో. ఎన్ని వందల ఏండ్ల కింద, ఏ ఎడ్ల బిడారు వెనక నడుచుకుంట చేసిన్రో. అది మా పొయ్యి వెనక గదిలో ఇన్నేండ్లు ఉన్నది. నేను ఇవతల బియ్యం కడిగిన.

సుమనకు ఫోనులో చెప్పిన. ఏడేండ్ల నుంచి పాట కోసం తిరిగిన బాయీ, పద్ధతి అడగనే లేదు అన్నది.

జూలై 27

నాలుగు మాటలు అనుకొని పెట్టుకున్న. తమ్మునికి ఒకటి, కల్పనకు ఒకటి, సుమనకు ఒకటి. యాడికి ఒకటి, ఆరోగ్యం జాగ్రత్త అని. అవి చాలు.

ఫోను పెట్టుకోవచ్చా అని సుమన యాడిని అడిగింది. నిజంగ పోతున్నప్పుడు ఫోను ఉంటే ఏంది, ఊరంత ఉంటే ఏంది అన్నది యాడి.

జూలై 31, కాటారం

నిన్న రాయలేకపోయిన.

నిన్న పొద్దున నిప్పుల మీద బెల్లం, నెయ్యి వేసి భోగ్ పెట్టిన్రు. సేవాభాయాకు మొక్కినం. వాకిట్లో తండా ఆడవాళ్లు చాలామంది చేరిన్రు. సగంమంది నవ్వుదామని వచ్చిన్రు. జాల్యా కూడ వచ్చి దూరంగ నిలబడ్డడు.

ముందు ప్రేమ్‌సింగ్ మెడ పట్టుకున్న. గొంతు లేవలేదు. వెనక ఎవరో కిసుక్కుమన్నరు. యాడి నా వీపు మీద చెయ్యి పెట్టింది. ఊపిరి దొరికింది. ప్రేమ్యా అన్న. వాని చిన్నప్పటి పేరు. అనుకొని పెట్టుకున్న మాట రాలేదు. వానికి జ్వరమొస్తే ఎత్తుకొని గూడూరు దవాఖానకు నడిచిన దారి వచ్చింది. ఎక్కడ దించిన, ఎక్కడ నీళ్లు తాపిన, ఎక్కడ ఇంక మోయలేనని ఏడ్చిన, ఒక్కొక్క చోటు. నలభై నాలుగేండ్ల మనిషి, వంగి నా భుజం మీద ఏడ్చిండు. నవ్వినోళ్లు ఆగిన్రు.

కల్పన దగ్గర గోళీల సంగతి వచ్చింది, నీకు తెల్వదనుకున్న కల్పనా అని. సుమన దగ్గర హాస్టల్‌కు పంపిన పొద్దు వేసిన జడ వచ్చింది.

అప్పుడు యాడి.

యాడి చిన్నగ అయిపోయింది. మెడ కోసం వంగాల్సి వచ్చింది. ప్రతి బిడ్డా తల్లిని అడిగే మాట ఒకటి ఉన్నది, గోడ అవతలి నుంచి నూరుసార్లు విన్న. నన్నెందుకు పంపుతున్నవు యాడీ, నీకేం బరువైన అని. దానితోనే మొదలుపెట్టిన. నీలీ యాడీ, నన్నెందుకు అన్న. గొంతు లేపిన. వదిలేసరికి వేరే మాట వచ్చింది.

నన్నెందుకు పంపలేదు యాడీ. ఊరి బిడ్డలందరికీ నేర్పి పంపితివి. నేను గోడ అవతల వండుతుంటి. నన్నెందుకు పంపలేదు.

విని నేనే భయపడ్డ. అడగాలనుకోలేదు. అడిగేందుకు ఏమున్నది, వాళ్లే కద వద్దన్నది. కాని అడిగేసిన. నేర్పినంతసేపు ఆగిన.

యాడి గొంతు వచ్చింది. డెబ్బై ఆరేండ్ల గొంతు కాదది.

"కళావతీ, వాళ్లు వద్దనలేదు. రెండుసార్లు వచ్చిన్రు. రెండుసార్లు నేనే గడప కాడ నిలబడి మళ్లగొట్టిన. మీ బాపు పోయిండు. నేను మరిపెడ మిరపతోటలకు పోతే ఈ ఇద్దరు చిన్నపిల్లలు ఎవరి చేతుల ఉంటరని నిన్ను ఆపిన. వాళ్లు వద్దన్నరని నీకు చెప్పిన. నువ్వు ఎందుకని అడగలేదు. అడిగే పాట నీకు నేర్పకపోతి. నా బిడ్డను నా పిల్లలకు తల్లిని చేసిన, కళావతీ."

మా మాటలో అన్నది. తెలుగులో రాస్తే సగమే వస్తున్నది.

జాల్యా తలపాగ తీసి చేతిలో పట్టుకున్నడు. యాడి నా భుజాలు పట్టుకొని రోడ్డు దిక్కు తిప్పింది. బిడ్డను అట్లనే పంపుతరు. నడిచిన.

నర్సంపేటలో ఒక బస్సు, ములుగులో ఒకటి, భూపాలపల్లిలో ఒకటి. కోపం వస్తదేమో అని కిటికీ పక్కన కూసొని ఎదురుచూసిన. రాలేదు. ముప్పై ఐదేండ్లు యాడి ఆ గదిలో కూసొని, అడిగితే నిజం చెప్పాలె అని ఊరి బిడ్డలకు నేర్పింది. నేర్పుతున్నప్పుడు గోడ అవతల నా గంటె చప్పుడు విన్నది. అంత బరువు మోస్తున్న మనిషిని నేను దినాం చూసిన. కాళ్లు నొప్పులంటే నూనె రాసిన.

కాటారం వచ్చేసరికి వాన పడుతున్నది.

ఆగస్టు 3

కోపం వచ్చింది. అన్నం వండలేదు. దీపం పెట్టిన.

ఆగస్టు 4

ఇవాళ కూడ.

ఆగస్టు 12

ఇక్కడి పిల్లలు అడవి పక్కన పెరిగినోళ్లు. ఆకులు తెచ్చి వరసగ పెట్టుమన్న. పదకొండు చెట్లకు మా మాటలో పేర్లు చెప్పిన్రు. నాకు నాలుగే తెలుసు. ఏడు రాసుకున్న. ఒక పిల్ల, టీచర్‌కు చెట్లు రావు, అని వాళ్లమ్మకు చెప్పిందట. వాళ్లమ్మ పొద్దున నవ్వుకుంట వచ్చి చెప్పింది.

గడప మీద నేను కూసుంట. వాళ్లు లోపల ఉంటరు. తలుపు తెరిచే ఉంటది.

ఆగస్టు 24, ఆదివారం

సుమన ఫోను చేసింది. పాట మొత్తం రాసిందట. చదువుతుంటే గైడు సారు మధ్యలో లేచి కిటికీ దగ్గర నిలబడ్డడట. ఇంక ఒకటే మిగిలింది. పాడినోళ్ల మాటలు పుస్తకంలో వేసేందుకు వాళ్ల సమ్మతి పత్రం కావాలె.

యాడికి అంతా వినిపించిందట. యాడి తన గొంతు తను విని, వేలిముద్ర వేసింది. నా మాట నేనిచ్చిన, కళావతి మాట కళావతిని అడుగు అన్నదట.

యాడి జవాబు తీసేయనా బాయీ అని అడిగింది సుమన. ఎత్తరాదు కద, అది లేకున్నా పుస్తకం అయితది అన్నది. ఆ ఇద్దరు చిన్నపిల్లల్లో నేనొకదాన్ని కద బాయీ అన్నది. ఆ సంగతి దానికీ ఆ పొద్దే తెలిసింది.

నాలుగు రోజులు ఆగుమన్న.

ఆగస్టు 25

ప్రార్థన చేసిన. ఏమీ తోచలేదు.

ఆగస్టు 27

యాడి ఫోను. తిన్నవా, వాన ఉన్నదా, పిల్లలు నీ మాట వింటున్నరా. తిన్న, ఉన్నది, నేనే వాళ్ల మాట వింటున్న అన్న. నవ్వింది. ఆ పొద్దుటి మాట ఆమె ఎత్తలేదు. నేను ఎత్తలేదు. ఫోను పెట్టినంక చూసుకుంటే కోపం లేదు. ఎప్పుడు పోయిందో తెల్వదు.

ఆగస్టు 28

సుమనకు చెప్పిన. తీసెయ్యకు. ఎత్తరాదంటే మళ్ల తగవుకు తేవద్దని. విన్నది విననట్టు ఉండుమని కాదు. యాడి జవాబు తీసేస్తే బిడ్డ ఒక్కతే గోడతో మాట్లాడినట్టు ఉంటది. నూరు పాటల్లో మాటలు కలువవు. ఒకరు పేరు పెట్టి అడుగుతరు, ఒకరు నిజం చెప్తరు. అన్నిట్లో కలిసేది అదొక్కటే. మీ సారు అడిగిన అసలుది అదేనేమో చూడు అన్న.

సుమన ఏడ్చింది. ఏడ్చి, ముక్కు చీదుకొని, జర ఆగు బాయీ రాసుకుంట అన్నది.

పేర్లు మార్చుడు రూలట. గాయని ఒకటి, గాయని రెండు అని వేస్తరట. పేరు లేకుంటే అది ఢావ్లో కాదు, మా పేర్లు ఉంచుమని నేనే రాసిస్త అన్న.

ఆగస్టు 31, ఆదివారం

పత్రం నిన్న అందింది. ఇవాళ స్నానం చేసి, దీపం పెట్టి, నింపిన. పాడినవారు అన్న దగ్గర కళావతి అని రాసిన. ఎవరిని ఉద్దేశించి అన్న దగ్గర నీలి. పేర్లు మార్చరాదు అని కింద రాసి సంతకం పెట్టిన.

సందర్భం అన్న దగ్గర రెండే అచ్చు వేసిన్రు. వివాహం, మరణం. ఏదో ఒకదానికి టిక్కు పెట్టుమన్నరు. రెండూ కొట్టేసిన. పక్కన జాగ తక్కువ ఉన్నది, చిన్న అక్షరాలతో రాసిన.

మా యాడి నన్ను పంపింది.